ఇరుసుకు బిగువెంత?

దశరథ మహారాజు కథ అమ్మమ్మ నోట విననివారు మనలో అరుదు. దేవతల పక్షాన యుద్ధానికి వెళ్లి ఆయన బాణాలు వేస్తూంటే రథచక్రానికున్న శీల ఊడిపోయిందట. పక్కనున్న కైకేయి ఆ బెజ్జంలో తన వేలు పెట్టి చక్రం జారిపోకుండా ఆపిందట. ఆ వేలికి బదులుగా దొరికిన రెండు వరాలూ తరువాత అయోధ్యను ఏం చేశాయో మీకు వేరే చెప్పనక్కర లేదు. వాల్మీకంలో ఈ వేలి ప్రసక్తి లేదని పండితులంటారు. లేకపోతే పోనివ్వండి. ఈ కథ అల్లినవాడెవరో గాని బండి మర్మం తెలిసినవాడు. చక్రం ఎంత గొప్పదైనా దాన్ని ఇరుసు మీద నిలబెట్టేది వేలెడంత ఇనుపముక్క.

మా ఉద్దానంలో కొబ్బరికాయలూ జీడిపిక్కలూ మోసిన ఎడ్లబండ్లకు కూడా ఆ శీలే ఆధారం. బండి కట్టేముందు రైతు చేతికర్రతో దాన్ని ఒకసారి తట్టి చూసుకునేవాడు. ఇప్పుడా బండ్లు చాలావరకు పోయాయి. ఇంటింటి ముందూ మోటారు సైకిలు వెలిసింది. శీల ఉన్నచోట నట్టు వచ్చింది. కాని తట్టి చూసుకునే అలవాటు మాత్రం నట్టుతో కూడా రాలేదు. ఆ అలవాటు గురించే ఈ నాలుగు మాటలూ.

నాది పూండి. హౌరా నుంచి మద్రాసు పోయే రైలు మార్గంలో పలాస దాటాక వచ్చే చిన్న స్టేషను. ఊరికి తూర్పుగా వజ్రపుకొత్తూరు, ఆపైన సముద్రం. నా దగ్గర పాతకాలపు 350 బుల్లెట్టు ఒకటి ఉంది. గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ ఉండే రకం. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ వారితో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను మద్రాసులో స్థాపించింది. 1970లో ఇంగ్లండు కంపెనీ మూతపడింది. మద్రాసు బండి మాత్రం ఆగలేదు. పుట్టింట దీపం ఆరిపోయినా మెట్టినింట వెలిగిన ఇల్లాలి వంటిది బుల్లెట్టు. అందుచేతనే ఈనాటికీ దాని విడిభాగాలు దొరుకుతాయి. ఇంట్లో కూర్చుని దాని పని దాన్ని చేసుకునే వీలూ ఉంది.

పనులన్నిటిలోకీ తేలికగా కనిపించేది చక్రం విప్పి బిగించడం. తేలికనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

పక్కింటి బండి

మా పక్కింటి కుర్రవాడు నన్ను మావయ్యా అంటాడు. వాళ్లమ్మకు మూత్రపిండాల జబ్బు. ఉద్దానంలో ఈ జబ్బు ఎన్ని గడపలు తొక్కిందో పత్రికలు చదివేవారికి తెలుసు. ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ కోసం ఆ కుర్రవాడు తల్లిని వారానికి మూడుసార్లు పలాస తీసుకువెళతాడు. వాళ్ల నాన్న నాటి పాత మోటారు సైకిలే వాళ్ల వాహనం.

ఒకనాటి సాయంత్రం తిరిగివస్తూంటే వెనక చక్రం పంచరయింది. దారిలో ఎవరో చక్రం విప్పి, ట్యూబు మార్చి, మళ్లీ ఎక్కించి పంపారు. చీకటి పడే వేళ, పని తొందర. ఎవరిని ఏమనగలం?

ఒకరోజు గడిచింది. మర్నాడు మళ్లీ బయలుదేరబోతూ కుర్రవాడు, "మావయ్యా, వెనకాల కొంచెం ఊగుతున్నట్టుంది. గతుకులేమో!" అన్నాడు. వాళ్లమ్మ అప్పటికే చేతిసంచీతో అరుగు దిగింది.

బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టించాను. వెనక టైరును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపితే లోపల టక్‌మంది. ఇరుసు నట్టును పట్టుకుంటే చేతివేళ్లకే తిరిగింది. నట్టు జారకుండా గుచ్చవలసిన స్ప్లిట్ పిన్ను అసలే లేదు. చక్రం ఒక పక్కకు వాలి, చైను పళ్లచక్రం మీద వంకరగా కూర్చుని ఉంది.

ఇరవై నిమిషాల్లో సరిచేసి పంపాము. ఆ తల్లి బండి ఎక్కుతూ, "అన్నియ్యా, సూదులకి అలవాటు పడిపోనాను గాని, ఇది ముందుగ తెలిస్తే మొన్న దారంతా దేవుడికి దండాలెట్టుకుంటూ వచ్చుందును," అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

పట్టు ఎక్కడిది?

అయితే గట్టిగా బిగించేస్తే సరిపోదా అంటారు మీరు. మా మేస్త్రీ కూడా అదే అన్నాడు. "ఏటి మాస్టారూ, గట్టిగ బిగిస్తే తప్పేటి? మరింక నట్టు ఊడదు గదా!"

అతని కొట్లోనే పాతసామాను డబ్బాలో ఒక బోల్టు కనబడింది. మెడ దగ్గర సన్నబడి, మరలు లాగినట్టు సాగి, చివర లేకుండా ఉంది. "ఇది ఊడిపోయిందా మేస్త్రీ?" అని అడిగాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊడనేదండి. తెగిపోనాది," అన్నాడు.

అదీ సంగతి. తక్కువ బిగిస్తే ఊడుతుంది, ఎక్కువ బిగిస్తే తెగుతుంది. మధ్యనున్న మేర తెలియాలంటే నట్టు ఎలా పట్టుకుంటుందో ముందు తెలియాలి.

ఎడ్లబండిలోలాగే మోటారు సైకిల్లో కూడా ఇరుసు తిరగదు. దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. చక్రం నడుమ రెండు బేరింగులుంటాయి. ఒక్కొక్క బేరింగులో లోపల ఒక ఉంగరం, బయట ఒక ఉంగరం, రెంటి మధ్యా ఉక్కు గుళ్లు. లోపలి ఉంగరాలు రెండింటినీ ఎడంగా ఉంచేందుకు వాటి నడుమ ఇరుసు మీద ఒక గొట్టం ఉంటుంది. దాన్ని స్పేసరంటారు. నట్టు బిగించినప్పుడు వాషరూ, ఉంగరమూ, గొట్టమూ, రెండో ఉంగరమూ ఇడ్లీరేకుల దొంతరలాగా ఒకదాన్నొకటి అదుముకుని ఒక్క ముద్దవుతాయి. ఆ గొట్టం పెట్టడం మరచినా, వాషర్లు తారుమారైనా, నట్టు ఎంత శ్రద్ధగా బిగించినా బేరింగు నలిగిపోతుంది. చక్రం విప్పేటప్పుడు వచ్చిన వస్తువును వచ్చిన వరసలోనే పాతగుడ్డ మీద పేర్చుకోమని చెప్పేది ఇందుకే.

ఇంకో చిత్రం చూడండి. నట్టు బిగుస్తూంటే ఉక్కు ఇరుసు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ వెనక్కి లాగే బలమే పట్టు. అంటే ఇరుసు ఒక బహు గట్టి స్ప్రింగు అన్నమాట. చాలినంత సాగకపోతే పట్టు లేదు; మితిమీరి సాగితే, పాత లంగాలోని ఎలాస్టిక్కులాగా, ఇక వెనక్కి రాదు. అప్పుడూ పట్టు లేదు.

మనం స్పానరు మీద వేసే శ్రమంతా పట్టుగా మారుతుందనుకోవడం భ్రమ. లెక్కగట్టినవారు చెప్పేదేమంటే, సుమారు సగం నట్టు మొహం కింది రాపిడికి ఖర్చవుతుంది. నూటికి నలభై వంతులు మరల మధ్య రాపిడికి పోతాయి. మిగిలిన పది వంతులే ఇరుసును సాగదీస్తాయి. కాబట్టి మరల్లో తుప్పో ఇసుకో ఉంటే చెమటలు కారేలా బిగించినా లోపల పట్టు చిక్కదు. అదే మరలకు నూనె పూసి, పొడి మరలకని చెప్పిన బిగువు బిగిస్తే ఇరుసు అవసరానికి మించి సాగుతుంది. ముందు తీగబ్రష్షుతో మరలు శుభ్రం చేయాలి. ఆపైన బండి పుస్తకం పొడిగా ఉంచమందో, నూనె రాయమందో అలా చేయాలి.

వేలాడే కాటాతో తూకం

బిగువును కొలిచే టార్కు రెంచి అనే పనిముట్టు ఉంది. అది ఉంటే అంతకంటె కావలసిందేముంది? లేనివారికి ఒక ఉపాయం. జీడిపిక్కలూ చేపలూ తూచే వేలాడే స్ప్రింగు కాటా మా వైపు చాలా ఇళ్లలో ఉంటుంది. దాని కొక్కేన్ని స్పానరు చివర తగిలించి లాగితే చాలు, ఎంత బలం పడుతున్నదో ముల్లే చెబుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. బలాన్ని స్పానరు పొడుగుతో గుణించడమే. నట్టు నడుమ నుంచి కొక్కెం దాకా 30 సెంటీమీటర్లుండి, కాటా 10 కిలోలు చూపిస్తే, బిగువు 3 కిలోగ్రాం మీటర్లు. ఈనాటి పుస్తకాలు న్యూటన్ మీటర్లలో చెబుతాయి. కిలోగ్రాం మీటరు ఒకటి సుమారు 9.8 న్యూటన్ మీటర్లు. మాటవరసకు ఒక బండికి 70 న్యూటన్ మీటర్లని ఉందనుకోండి. అది కొంచెం హెచ్చుగా 7 కిలోగ్రాం మీటర్లు. అర మీటరు పిడి మీద 14 కిలోలు లాగితే ఆ బిగువు వస్తుంది. కాటా లాగే దిక్కు స్పానరుకు అడ్డంగా, చదరపు మూలలాగా ఉండాలి. ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది.

మీ బండికి ఎంత కావాలో ఆ బండి పుస్తకంలోనే చూడండి. ఒకరి చెప్పులు మరొకరి కాళ్లకు పట్టవు. స్పానరుకు గొట్టం తగిలించి మనిషంతా వేలాడే పద్ధతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు!

స్పానరు విషయంలో ఇంకొక మాట. ఇంగ్లీషు కొలతల నాటి పాత బండ్లలో కొన్ని నట్లు విట్‌వర్త్ కొలతలవి. మిల్లీమీటర్ల స్పానరు వాటికి ఎక్కినట్టే ఎక్కి, బలం వేసేసరికి జారి, మూలలు అరగదీస్తుంది. వదులు స్పానరుకన్న సరిపోయిన రింగు స్పానరు చేతికీ మేలు, నట్టుకూ మేలు.

ముందు చక్రం

పాత బుల్లెట్టుకు ముందు ఫోర్కు కాళ్ల అడుగున ఇరుసును పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు మూతలుంటాయి. వాటికి ముందూ వెనకా నట్లు. ఇక్కడ వరస ముఖ్యం.

మొదట చక్రం ఎక్కించి అన్నిటినీ చేతితో తిరిగినంతవరకు తిప్పి వదలాలి. ముందు బ్రేకు పిడి గట్టిగా నొక్కి ఉంచి, బ్రేకు పళ్లెం వైపున్న ఇరుసు నట్టును బిగించాలి. అలా నొక్కి పట్టడం వల్ల బ్రేకు చెప్పులు డ్రమ్ము నడిమధ్యన సర్దుకుంటాయి. తరువాత బండిని స్టాండు దించి, బ్రేకు పట్టుకుని, హ్యాండిలును నాలుగైదుసార్లు కిందికి అదిమి వదలాలి. ఫోర్కు కాళ్లు రెండూ తమ చోటు తాము చూసుకుంటాయి. ఈ పని చేయకుండా మూతలు బిగిస్తే కాళ్లు ఒకదానికొకటి ఓరగా నిలిచి, స్ప్రింగులు పట్టేసినట్టు కదులుతాయి.

ఆఖరున మూతల నట్లు. మృదంగం వాయించేవారిని చూశారు కదా? ఒక్క పక్కనే కొట్టి శ్రుతి చేయరు. ఇటు కొంచెం, అటు కొంచెం. ఇక్కడా అంతే. ముందు నట్టు కొంత, వెనక నట్టు కొంత, రెండు వైపులా సందు సమంగా ఉండేటట్టు బిగించుకు రావాలి. ఇది పాత బుల్లెట్టు సంగతి. కొన్ని ఇతర బండ్లకు ముందు నట్టు పూర్తిగా బిగించి ఆ తరువాతే వెనకది ముట్టుకోమని ఉంటుంది. మరికొన్నింటిలో ఇరుసును ఒక కాలిలోకి మరలాగా ఎక్కించి, రెండో కాలి దగ్గర చిన్న బోల్టుతో నొక్కి పడతారు. ఆ చిన్న బోల్టు ఎప్పుడూ చివరిదే.

వెనక చక్రం

వెనక చక్రానికి చైను కూడా తోడవుతుంది గనుక చిక్కు కాస్త ఎక్కువ. బుల్లెట్టుకు ఇరువైపులా నత్తగుల్ల ఆకారంలో పళ్లున్న బిళ్లలుంటాయి. వాటిని తిప్పితే చక్రం వెనక్కి జరిగి చైను బిగుస్తుంది. కుడి పక్కన ఎన్ని పళ్లు తిప్పితే ఎడమ పక్కనా అన్నే తిప్పాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా చక్రం అడ్డదారి పడుతుంది.

ఇరుసు నట్లతోపాటు బ్రేకు పళ్లేన్ని ఫ్రేముకు పట్టి ఉంచే నట్టును కూడా ముందుగా వదులు చేయాలి. చైను అడుగు వరస నడుమ వేలితో ఎత్తి దింపితే సుమారు అంగుళం ఆడాలి. చక్రాన్ని తిప్పుతూ నాలుగుచోట్ల చూసి, చైను అన్నిటికన్న బిగుతుగా ఉన్నచోట ఆ అంగుళం లెక్కపెట్టాలి. అప్పుడు చక్రాన్ని ముందుకు నెట్టి, రెండు బిళ్లలూ తమ ఆనికకు ఆనేటట్టు పట్టి ఉంచి, బ్రేకు నొక్కి ఇరుసు నట్లు బిగించాలి. తరువాత బ్రేకు పళ్లెం నట్టు. అది మరచినవాడు బ్రేకు మీద పెట్టుకున్న నమ్మకం వట్టిది.

బిగించాక చైను మళ్లీ చూడండి. నట్టు బిగిసేటప్పుడు ఒక్కొక్కసారి ఇరుసు కొంచెం జరుగుతుంది. చక్రం వెనక్కి పోయిందంటే బ్రేకు కడ్డీ కూడా లాగుకుపోతుంది గనుక పెడలు ఆట కూడా సరిచేసుకోవాలి. లేకపోతే బ్రేకు ఎప్పుడూ పట్టినట్టే ఉండి డ్రమ్ము వేడెక్కుతుంది.

కావలి

నట్టు బిగువు ఇరుసును పడుతుంది. ఆ నట్టుకు కావలి వేరే ఉంటుంది. కొన్ని బండ్లకు కిరీటం వంటి నట్టు, దాని గాళ్లలోంచి ఇరుసు బెజ్జంలోకి గుచ్చే స్ప్లిట్ పిన్ను. చెప్పిన బిగువుకు బెజ్జం ఎదురుపడకపోతే, మోటారు సైకిలు ఇరుసుకు నట్టును వెనక్కి వదలకూడదు. పుస్తకం ఒప్పుకున్న మేరలోనే వచ్చే గాడి వరకు ముందుకు తిప్పాలి. ఒకసారి వంచిన పిన్ను మళ్లీ పనికిరాదు. అది విరిగేందుకు సిద్ధంగా ఉన్న తీగముక్క. పిన్నుకు బదులు మేకు గుచ్చడం, ఇనుపతీగ చుట్టడం ఇంటిదాకా చేరడానికేమో గాని సంసారానికి కాదు.

మా తీరాన దీనికి తోడు ఉప్పుగాలి. నౌపడలో ఉప్పుమళ్లు పండించే గాలే మా ఇనుమును తినే గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలు నేలమట్టమయ్యాయి. మా పెరటి కొబ్బరిచెట్టు షెడ్డు మీద పడి, నా బుల్లెట్టు చాలారోజులు తడిలో నిలిచింది. తరువాత వెనక ఇరుసు విప్పబోతే తుప్పుతో అతుక్కుపోయి రాలేదు. తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు ఆగి, చెక్కదిమ్మ అడ్డంపెట్టి మెల్లగా కొడితే వచ్చింది. అప్పటినుంచీ ఏటా వానలకు ముందొకసారి, వెనకొకసారి ఇరుసు తీసి, తుడిచి, దాని ఒంటికి పలచగా గ్రీజు పూసి పెడుతున్నాను. ఒంటికే సుమండీ, మరలకు కాదు. మరల మాట పుస్తకానిది.

పని అయ్యాక చక్రాన్ని చేతితో తిప్పండి. తేలికగా తిరగాలి, ఊపితే టక్‌మనకూడదు. బయలుదేరేముందు రెండు బ్రేకులూ నాలుగుసార్లు నొక్కి చూడండి. ఏ యాభై కిలోమీటర్లో నడిచాక బిగువు మరోసారి సరిచూడండి. నట్టు మీదనుంచి పక్క లోహం మీదికి తెల్లరంగుతో ఒక సన్నగీత గీసి ఉంచండి. గీత విరిగిందంటే నట్టు కదిలిందని అర్థం. ఆ గీత చూడడానికి స్పానరూ అక్కరలేదు, మేస్త్రీ అక్కరలేదు. ఇంటి ఇల్లాలు చూడవచ్చు, బడికి పోయే పిల్లవాడు చూడవచ్చు. వెనక కూర్చునేది వాళ్లే కదా!

పక్కింటి బండికి కూడా ఆ గీత గీశాను. వారానికి మూడు ఉదయాలు ఆ తల్లి సంచీ అరుగు మీద పెట్టి, వంగి దాన్ని చూస్తుంది. "గీత తిన్నగానే ఉందిరా, పద," అంటుంది కొడుకుతో. బండి పలాస దారి పడుతుంది.